నమ్మికకు వెల

వంటయింట పసుపుడబ్బా మూత తీసి కూరలో చిటికెడు పొడి వేయు నిల్లాలు ఆ క్షణమున ఎందఱిని నమ్ముచున్నదో లెక్కపెట్టదు. పొలములో దుంప త్రవ్వినవానిని, దానిని ఉడికించి యెండబెట్టినవానిని, తూచినవానిని, కొన్నవానిని, దంచినవానిని, పొట్లము గట్టి యమ్మినవానిని, వీరి నందఱిని ముఖ మెఱుగకయే ఆమె నమ్ముచున్నది. వీరిలో నొక్కడు మోసము చేసినను ఆ మోసము తిన్నగా ఆమె బిడ్డల విస్తళ్లలోనికి వచ్చి పడును. ఇట్లు చూడగా నమ్ముట యనునది గుడులలోను మఠములలోను మాత్రమే జరుగు వ్యవహారము కాదు. అంగడిలో, పొలములో, కచేరిలో, ఇంటిలో ప్రతి గడియయు జరుగుచున్న వ్యవహారము. కావున నిజామాబాదు మండలమందలి ఆర్మూరు పట్టణమును, అచ్చటి పసుపు రైతుల చరిత్రను ఉదాహరణముగా గైకొని, ఒకదానిని నమ్ముట యన నేమి, ఒకనిని నమ్ముట యన నేమి యను ప్రశ్నను విచారింప దలచితిమి.

మొదట మాటల యర్థమును తేల్చుకొందము. తెలుగువారు ఈ క్రియను మూడు విధముల వాడుదురు. ఒకటి మాటను నమ్ముట. వాన వచ్చునని యెవడో చెప్పగా ఔనని యనుకొనుట యిట్టిది. రెండవది మనిషిని నమ్ముట. వాడు చెప్పిన యొక్క మాటను గాక, చెప్పబోవు మాటలను గూడ ముందుగానే యంగీకరించుట దీని లక్షణము. మూడవది నమ్ముకొనుట. భూమిని నమ్ముకొని బ్రదుకుచున్నా మనునప్పుడు భూమి యున్నదని తలచుచున్నా మని కాదు గదా యర్థము. అది తప్పినచో మాకు వేఱు దిక్కు లేదని యర్థము. మొదటిదానిలో పొరబడినచో తెలివికి నష్టము. రెండవదానిలో పొరబడినచో మనసునకు నష్టము. మూడవదానిలో పొరబడినచో సంసారమే నష్టము. ఈ మూడింటిని ఒక్కటిగా కలిపి మాటలాడుటచేతనే నమ్మికను గూర్చిన వాదములు మనలో తఱచు తెగకుండ నుండును.

ఆర్మూరు నిజామాబాదు పట్టణమునకు ఈశాన్యముగా, 44వ జాతీయ రహదారియు 63వ జాతీయ రహదారియు కలియు చోట నున్న యూరు. ఊరిని ఆనుకొని నల్లని బండరాళ్లతో నిండిన కొండ యొకటి కలదు. దానిని నవనాథ సిద్ధుల గుట్ట యందురు. తొమ్మండుగురు సిద్ధులు అచ్చట తపస్సు చేసి రనియు, ఆఱును మూడును కలిసి తొమ్మిది యగుటచేత ఊరికి ఆర్మూరను పేరు కలిగె ననియు అచ్చటివారు చెప్పుదురు. ఇది భాషాశాస్త్రమునకు నిలుచునా యని యడుగువారు అడుగవచ్చును. కాని యీ నమ్మికవలన ఎవరి పొలమును వేలమునకు రాలేదు, ఎవరి బిడ్డయు పస్తు పండుకొనలేదు. పొరబాటయినను వెల లేని నమ్మికలు కొన్ని లోకమున కలవు. సంస్కర్తలు వానితో కలహించి కాలము వ్యర్థము చేయ నక్కఱలేదు. వెల గల నమ్మికలను గుఱించియే మన విచారము.

వెల గల నమ్మిక యెట్టిదో పసుపు సాగును చూచిన తెలియును. జూను మాసమున నాటిన విత్తనము ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నుండును. ఆర్మూరు పేరనే దీర్ఘకాలపు పసుపు రక మొకటి కలదు. ఇతర పైరులు రెండు పర్యాయములు చేతికి వచ్చు కాలమంతయు పసుపు రైతు ఒక్క దుంపకై కాచుకొని యుండవలెను. త్రవ్విన పిమ్మటను పని తీరదు. కొమ్మును మండను వేఱుచేయవలెను, ఉడికింపవలెను, రెండు వారములవఱకు ఎండబెట్టవలెను, మెఱుగు పెట్టవలెను. ఈ నడుమ నొక వాన కురిసిన రంగు చెడును. ఇన్ని చేసి బజారునకు తెచ్చిననాడు ధర యెంత యుండునో నాటిననాడు వాని కెవ్వరును చెప్పలేదు. వరికి గోదుమకు కేంద్రప్రభుత్వము ప్రకటించు కనీస మద్దతు ధరవంటిది పసుపునకు లేదు. అందుచేత ఆర్మూరు రైతులు నిజామాబాదు యార్డునకు మాత్రమే గాక మహారాష్ట్రమందలి సాంగ్లీ బజారువఱకు సరకు తీసికొనిపోవుటయు కలదు. ఇది మేము పైన చెప్పిన మూడవ విధపు నమ్మిక, నమ్ముకొనుట. ఇందులో పెట్టుబడి యంతయు ముందు, ఫలమంతయు వెనుక.

ఇక బజారులోని నమ్మిక చరిత్రను చూతము. పూర్వము భారతదేశమునందు అనేకములైన బజారులలో బేరము గుడ్డ క్రింద జరుగుచుండెను. కొనువాని ప్రతినిధియు దలాలియు ఒక రుమాలు క్రింద చేతులు కలిపి వ్రేళ్లను నొక్కి ధర నిర్ణయించుకొనెడివారు. సరకు రైతుది, ధర రైతుది, కాని ఆ గుడ్డ క్రింద నేమి జరిగెనో రైతునకు తెలియదు. అతడు దలాలి ముఖమును చూచి నమ్మవలసినదే. 1926లో నియమింపబడి 1928లో నివేదిక సమర్పించిన వ్యవసాయ రాయల్ కమిషను బజారులలోని యిట్టి దురాచారములను, తప్పు తూకములను, నానావిధములైన కోతలను ఎత్తి చూపి, చట్టబద్ధమైన బజారులు ఏర్పడవలెనని సిఫారసు చేసినది. హైదరాబాదు సంస్థానమున 1339 ఫసలీలో, అనగా 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. తూనికలు కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చి సేర్లు మణుగుల స్థానమున కిలోగ్రాములు నిలిచినవి. 1966లో ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకమైన మార్కెట్ల చట్టము చేయబడినది. 2016 ఏప్రిలు 14వ తేదీన జాతీయ విద్యున్మాన విపణి మొదలయి, నిజామాబాదు యార్డు అందులో చేరి, ధరలు తెరమీద కనబడుట కారంభమైనది.

ఈ చట్టములన్నింటి సారమును ఒక్క వాక్యమున జెప్పవచ్చును: గుడ్డ తొలగించుట. రైతు దలాలిని నమ్మరాదని చట్టము చెప్పలేదు. దలాలి చేతులను చూచు హక్కు రైతునకు గలదని మాత్రమే చెప్పినది. మన పెద్దలలో కొందఱు లెక్క యడుగుటను అవమానముగా భావింతురు. “నన్ను నమ్మలేదా?” యని యెదురు ప్రశ్న వేయుదురు. మంచి తూనికను చూపుటకు సిగ్గుపడు వర్తకుడు లేడు. చూపుమన్నపుడు కోపగించువాడే సందేహమునకు తావిచ్చుచున్నాడు. గుడ్డ క్రింద నున్న నమ్మిక నమ్మిక కాదు, గత్యంతరము లేకపోవుట మాత్రమే.

గత్యంతరము లేకపోవుటను నమ్మిక యని పిలుచుట మన దేశమున బహుకాలముగా సాగుచున్న తప్పు. సంస్థానకాలమున తెలంగాణపు పల్లెరైతు ఉరుదూలో వ్రాసిన పత్రముమీద వ్రేలిముద్ర వేయుచుండెను. అతనికి ఉరుదూ రాదు; పెక్కుచోట్ల తెలుగును చదువరాదు. పత్రము వ్రాసినవాడు చదివి చెప్పినదే పత్రము. దీనిని చూచి మన రైతులు ఎంత అమాయకులు, ఎంత నమ్మకస్థులు అని మెచ్చుకొన్న పెద్దమనుష్యులు లేకపోలేదు. కాని 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారును, 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించినవారును, 1937లో నిజామాబాదునందు ఆంధ్రమహాసభ జరిపినవారును ఆ మెచ్చుకోలును వినిపించుకొనక, చదువు కావలెననిరి. చదువు వచ్చినవాడు ఎవ్వరిని నమ్మక యుండునని వారి భావము కాదు. నమ్ముటకును నమ్మకుండుటకును గూడ శక్తి గలవాడు నమ్మినపుడే ఆ నమ్మికకు గౌరవ మున్నదని వారెఱుగుదురు.

తెలుగున ఋణసదుపాయమునకు పరపతి యని పేరు. పలుకుబడికిని అదే పేరు. 1904లో బ్రిటిషు ఇండియాలో వచ్చిన చట్టముననుసరించి యేర్పడిన సంఘములను సహకార పరపతి సంఘము లనిరి. ఒకనికి పరపతి యున్నదనగా అతని మాట నమ్మి యితరులు తమ సొమ్ము విడుతురని యర్థము. ఇప్పుడొక చిత్రమును గమనింపవలెను. వర్తకుడు రైతునకు సరకు నరువిచ్చినపుడు వడ్డీ వేయును, పత్రము వ్రాయించుకొనును. రైతు వర్తకునకు సరకు నరువిచ్చినపుడు మాత్రము మాటయే పత్రము. ఆర్మూరు ప్రాంతమున పసుపుతోపాటు ఎఱ్ఱజొన్నయు విరివిగా పండును. అది తినుటకు గాదు; ఉత్తర రాష్ట్రములలో పశుగ్రాసమునకై విత్తనముగా పోవును. విత్తన వ్యాపారులతో ముందుగా ధర మాటలాడుకొని రైతులు దానిని పండింతురు. తమకు రావలసిన సొమ్ము వ్యాపారులు చెల్లింపలేదని 2008లో ఆర్మూరు రైతులు వీథులకెక్కి గొప్ప యాందోళన చేసిరి. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట 2014లో ఆ పాత బకాయిలను క్రొత్త ప్రభుత్వమే చెల్లించుటకు పూనుకొన్నది. మాట యిచ్చినది ఒకరు, చెల్లించినది ప్రజల ఖజానా. రైతునకు సొమ్ము వచ్చుట సంతోషమే. కాని మాట తప్పినవాని వెల మాట తప్పనివారిమీద పడుట న్యాయమా యని యెవ్వరైన నడుగవలసియున్నది.

2019 ఫిబ్రవరిలో ఆర్మూరు రైతులు మరల రహదారిమీదికి వచ్చిరి. క్వింటాలు పసుపునకు 15,000 రూపాయలు, ఎఱ్ఱజొన్నకు 3,500 రూపాయలు ధర కావలెననియు, పసుపునకు ప్రత్యేకమైన బోర్డు కావలెననియు వారి కోరిక. బోర్డును గూర్చిన వాగ్దానములు అంతకుముందే పెక్కుసారులు వినియున్నారు. వినతిపత్రములు, పాదయాత్రలు, ధర్నాలు అన్నియు నైనవి. ఇక తమ మాట యెవ్వరును నమ్ముటలేదని తోచినపుడు వారు ఒక విచిత్రమైన యుపాయమును పన్నిరి. ఆ యేటి లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు గుంపులు గుంపులుగా నామపత్రములు వేసిరి. కడపట బరిలో నిలిచిన 185 మంది యభ్యర్థులలో అత్యధికులు రైతులే. 16 పేర్లు మాత్రమే పట్టు ఓటుయంత్రపు పెట్టెలను ప్రతి పోలింగు కేంద్రమునందును పండ్రెండేసి జోడింపవలసివచ్చెను. ఏప్రిలు 11వ తేదీన ఓటర్లు ఆ పెట్టెల వరుసముందు నిలిచి తమకు కావలసిన పేరును వెదకికొనిరి. కొందఱు రైతులు కాశివఱకు పోయి ప్రధానమంత్రి పోటీచేయు స్థానమున నామపత్రములు వేయ బ్రయత్నించిరి.

ఇట్టి పని మన చరిత్రలో క్రొత్తది కాదు. 1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు 480 మంది పోటీచేసిరి. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోయిన ప్రజలు, తమ బాధ దేశమునకు తెలియుటకై జలసాధన సమితి పక్షమున చేసిన పని యది. బ్యాలెటు కాగితము పుస్తకమంత యయ్యెను. ఆ సంవత్సరముననే పార్లమెంటు, విచ్చలవిడి పోటీలను తగ్గించుటకై, లోకసభ యభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. 2019 నాటికి అది 25,000 రూపాయలైనది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆఱవ వంతు రానివాని ధరావతు దక్కదు.

ఇచ్చట చదువరులు ఒక్కక్షణ మాగి లెక్కవేయవలెనని కోరుచున్నాము. అంతమందిలో ఎవ్వనికిని ఆఱవ వంతు ఓట్లు రాజాలవు. ఆ సంగతి ప్రతి రైతునకును తెలియును. ధరావతు పోవునని తెలిసియే కట్టెను. తాను గెలుతునని నమ్మి కాదు. తన మాటను ఇతరులు నమ్మునట్లు చేయుటకు. లోకమున ధనవంతుని మాట ఉచితముగా నమ్మబడును. పేదవాడు తన మాట నిజమని చూపించుటకు సొమ్ము చెల్లింపవలసివచ్చినది. ఇంతకంటె సిగ్గుచేటైన లెక్క మఱియొకటి లేదని మా యభిప్రాయము.

ఆ యెన్నికలలో భారతీయ జనతాపక్షపు టభ్యర్థి ధర్మపురి అరవింద్ పసుపు బోర్డు తెచ్చెదనని స్టాంపు కాగితముమీద వ్రాసి సంతకము చేసెను. సిట్టింగు సభ్యురాలు కల్వకుంట్ల కవితను ఓడించి గెలిచెను. 2020లో సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రాంతీయ కార్యాలయము నిజామాబాదునకు వచ్చినది. రైతులలో పలువురు దానిని తాము కోరిన బోర్డుగా నంగీకరింపలేదు. 2023 అక్టోబరు 1వ తేదీన ప్రధానమంత్రి మహబూబునగరు సభలో జాతీయ పసుపు బోర్డును ప్రకటించిరి. 4వ తేదీన కేంద్రప్రభుత్వ ప్రకటన వెలువడినది. 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, నిజామాబాదు కేంద్రముగా బోర్డు ప్రారంభింపబడినది. ఎన్నిక జరిగిన నాటికిని బోర్డు ప్రారంభమైన నాటికిని నడుమ దాదాపు ఆఱేండ్లు గడచినవి.

వాగ్దానము నెరవేఱినదని యొక పక్షమువారును, ఆలస్యమైనదని మఱియొక పక్షమువారును వాదింతురు. ఆ వాదమున దిగుట మా పని కాదు. మాకు ముఖ్యముగా తోచినది ఆ కాగితము. ఓటర్లు నోటిమాట చాలదని, కాగితము కావలెననిరి. అభ్యర్థి కాగితము వ్రాసి యిచ్చెను. ఇది నమ్మిక పెరిగినందులకు గుర్తా, తఱిగినందులకు గుర్తా? తఱిగినందులకే యని పలువు రనవచ్చును. మేము పూర్తిగా నట్లనుకొనము. నూఱేండ్ల క్రిందట పత్రముమీద వ్రేలిముద్ర వేసినవాడు రైతు. 2019లో పత్రము వ్రాసి యిచ్చినవాడు నాయకుడు. పత్రము చేతులు మాఱినది. అడుగువాడు అడుగుట నేర్చుకొన్నాడు. అయినను స్టాంపు కాగితము దానంతట అది ధర తేజాలదు. బోర్డు పరిశోధనను, క్రొత్త సరకుల తయారీని, ఎగుమతిని ప్రోత్సహించుట కేర్పడిన సంస్థ. అది యుండుట వేఱు, కొమ్మునకు గిట్టుబాటగుట వేఱు. నెరవేఱిన వాగ్దానమును గూడ ఫలముతో తూచి చూడవలసియే యుండును.

కాగితమునకే విలువయు నోటిమాటకు విలువలేమియు నగునా యన్న ప్రశ్నకు పసుపు చరిత్రయే మఱియొక యుదాహరణ మిచ్చుచున్నది. 1995లో అమెరికా పేటెంటు కార్యాలయము, గాయములను మాన్పుటకు పసుపును వాడుటపై మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమువారికి పేటెంటు ఇచ్చినది. మన యిండ్లలో చిన్నపిల్ల మోకాలు కొట్టుకొనినచో పసుపు అద్దని అవ్వ లేదు. కాని అవ్వమాట ఆ కార్యాలయమునకు ప్రమాణము కాలేదు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలివారు ప్రాచీన సంస్కృత గ్రంథమును, 1953లో భారతీయ వైద్య సంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమును, ఇంకను పెక్కు వ్రాతలను చూపగా 1997లో ఆ పేటెంటును రద్దుపఱచిరి. తెలిసినవారు కోట్లకొలది యున్నను వ్రాసినవారు కొలదిమంది యగుటచేత నింత శ్రమ కలిగినది. స్త్రీల తెలివిని, కర్షకుల తెలివిని వ్రాతలో నుంచుట సంస్కార ప్రియులైన మన కందఱకు నొక పని యని దీనివలన తెలియుచున్నది.

ఎవని మాట నమ్మదగును? మన న్యాయశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను రెండువేల యేండ్లకు దరిదాపుగా విచారించుచు వచ్చిరి. ఆప్తుని మాటయే శబ్దప్రమాణమని వారి సిద్ధాంతము. ఆప్తు డెవడు? విషయమును తాను స్వయముగా నెఱిగినవాడు, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పదలచినవాడు. న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు ఇచ్చట నొక గొప్ప మాట చేర్చెను: ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమని. కులమును బట్టి గాని, వేషమును బట్టి గాని, పదవిని బట్టి గాని ఆప్తత్వము రాదు. తెలిసి, దాచక చెప్పుటవలన వచ్చును. పసుపు ధర తగ్గినచో సంసార మేమగునో చెప్పుటకు పసుపు రైతుకంటె ఆప్తు డెవడు? అతని మాటను విననివారు శాస్త్రమును గూడ విననివారే.

నమ్మువానికి గూడ ధర్మము కలదు. 1877లో ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు క్లిఫర్డు ఒక వ్యాసములో ఒక యోడ యజమానుని కల్పించి చెప్పెను. ఓడ పాతదని సందేహ మున్నను, పరీక్షింపక, ఇన్నాళ్లు మునుగలేదు గదా యని తన్ను తాను నమ్మించుకొని యతడు జనుల నెక్కించి పంపెను. ఓడ మునిగెను. అతడు నిజముగనే నమ్మెను. అయినను దోషియే, ఏలయన అట్లు నమ్ముట కతనికి హక్కు లేదు. ఓడ మునుగక గట్టు చేరినను దోషము దోషమే యని క్లిఫర్డు వాదము. మునుగునది తానైనపుడు గ్రుడ్డిగా నమ్మువాడు తెలివితక్కువవాడు; మునుగునది పరులైనపుడు గ్రుడ్డిగా నమ్మువాడు అపరాధి.

పరీక్షించుటవలన నమ్మిక చెడదు, నిలుచును. దీనికి పొరుగుదేశమైన బంగ్లాదేశము సాక్ష్యము. అచ్చట 1980లలో వరదలవలన పసుపు రంగు మందగించగా, పచ్చని మెఱుపు కొఱకు కొందఱు సీసపు క్రోమేటు కలుప నారంభించిరి. కొనువారు రంగును నమ్మిరి. సీసము బిడ్డల నెత్తుటిలోనికి పోయెను. పరిశోధకులు దీనిని బయటపెట్టగా, ప్రభుత్వము తనిఖీలు చేసి, దండన విధించి, ప్రజలకు చాటెను. 2019లో పరీక్షించిన బజారు పసుపు నమూనాలలో 47 శాతము సీసముతో కల్తీ యైనవి. 2021 నాటికి అట్టి దొక్కటియు కనబడలేదు. రెండేండ్లలో నమ్మదగని సరకు నమ్మదగినదైనది. వర్తకుల మనస్సు మాఱు నని కాచుకొని కూర్చుండుటవలన కాదు, తూచి చూచుటవలన.

2022–23లో మన దేశమున 11.61 లక్షల టన్నుల పసుపు పండినది. ప్రపంచమందలి పసుపులో నాలుగింట మూడు వంతులకు మించి మనదే. పెండ్లిలో, పేరంటములో, గడపమీద, గాయముమీద మనము పసుపును శుభమని నమ్ముదుము. ఆ శుభమును పండించినవానిని మాత్రము రహదారిమీద కూర్చుండబెట్టి, నీ మాట నిజమని యేమి నమ్మకమని యడుగుచున్నాము.

కాబట్టి మా మనవి యిది. నమ్మి చెడినవాడు లేడని సామెత యున్నది. నమ్మినవానిని నట్టేట ముంచుట యను పలుకుబడియు ఆ భాషలోనే యున్నది. రెండును నిజమే. మొదటిది నమ్మువానికి ధైర్యము చెప్పుటకు పుట్టినది. రెండవది నమ్మబడినవానికి బుద్ధి చెప్పుటకు పుట్టినది. మనము మొదటిదానిని బీదలకు బోధించి, రెండవదానిని బలవంతులకు బోధింప మఱచితిమి. ఇకమీదట మన యిండ్లలో బిడ్డలకు పెద్దల మాట నమ్ముమని చెప్పునపుడే, ఎందుకని యడుగు హక్కును గూడ ఈయవలెను. లెక్క చూపుమన్న భార్యమీద భర్తయు, రసీదు అడిగిన కూలివానిమీద ఆసామియు, తూనిక చూపుమన్న రైతుమీద వర్తకుడును కోపగింపని దినము రావలెను. ఒకని నమ్మిక మన చేతికి వచ్చినపుడు అది వాని సొత్తు, మనవద్ద నుంచిన తాకట్టు. దానిని వడ్డీతో తిరిగి యీయకున్నను, అసలునకైన లోపము రానీయరాదు.